రెండు వేళ్ళ కవరు

ఆ క్లినిక్‌లో డాక్టరుగారు నోటితో మాట్లాడటం మానేసి పది నెలలు కావస్తోంది. ఏం చెప్పాలన్నా వేళ్ళతోనే.

ఆయన గొంతుకేమీ కాలేదు. ఊపిరాడనివ్వని ఆ జబ్బు మనుషుల మీద విరుచుకుపడ్డాక, ఆయన బల్లకీ వచ్చినవాళ్ళ కుర్చీకీ మధ్య నిలువెత్తు ప్లాస్టిక్ తెర దిగింది. ఆయన మూతికి రెండు మాస్కులు, మొహానికి అద్దంలాంటి తొడుగు. ఇవతల దగ్గేవాళ్ళ మూతికీ మాస్కే. నెత్తిన ఫ్యాను గోల. ఆయన అడిగింది వీళ్ళకి వినపడదు, వీళ్ళు చెప్పుకున్నది ఆయనకి వినపడదు. ఇద్దరూ తలలు మాత్రం బాగా ఊపుకునేవాళ్ళు. అరిచి అరిచి అలిసిపోయి, ఒకరోజు ఆయన మందుల కిటికీ వైపు తిరిగి వేలెత్తి చూపించారు. అప్పట్నుంచీ అదే అలవాటైపోయింది.

ఒక వేలు ఎత్తితే ఉత్త జలుబు. జ్వరం మాత్రలిచ్చి, వేడినీళ్ళు తాగి పడుకోమని చెప్పాలి. రెండు వేళ్ళెత్తితే వాటితోపాటు యాంటీబయాటిక్ కూడా, పూటకొకటి చొప్పున ఐదు రోజులకి పది మాత్రలు. మూడు వేళ్ళంటే పెద్దాసుపత్రికి పంపమని. 

ఆ వేళ్ళు చూసి మందులిచ్చేది కవర్లమ్మ. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ వెనక కూర్చున్నాక ఆ పేరు ఆమెకే గుర్తుండేది కాదు. ఇదివరకు మనిషి ముందుకొచ్చాకే అట్టలోంచి మాత్రలు కత్తిరించి, లెక్కపెట్టి, కవర్లో వేసి, ఇది పొద్దున, ఇది రాత్రి అని రెండుసార్లు చెప్పి పంపేది. జబ్బు కాలంలో అలా చేస్తే కుదరలేదు. వరస వీధి చివరిదాకా పాకేది. నిలబడ్డవాళ్ళంతా ఒకళ్ళ వీపు మీద ఒకళ్ళు దగ్గేవాళ్ళు.

"ముందే కట్టేసి పెట్టుకుంటే పోలే?" అంది ఆమె ఒకరోజు.

"నీ బుర్రకి దణ్ణం పెట్టాలి," అన్నారు డాక్టరుగారు నోరు తెరిచి. ఆయన అంత పెద్ద మాట అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ రోజంతా తల కాస్త పైకెత్తుకునే తిరిగింది.

పొద్దున్నే వచ్చి వంద కవర్లు కట్టేది. ఒక వేలువి ఎడంపక్క చెప్పుల పెట్టెలో. రెండు వేళ్ళవి కుడిపక్క పెట్టెలో. ఇవి కలిసిపోకుండా రెండు వేళ్ళ కవరు మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా ఎర్రగీత గీసేది. వరస సగానికి సగం తగ్గింది.

అంతా బాగానే నడిచింది, బస్సు డ్రైవరు వచ్చేదాకా.

ఆయనకి ఒక వేలే పడింది. గీతలేని కవరు చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"రెండు గంటలు ఎండలో నిలబడితే ఒక్క వేలా? నా ముందాయనకి రెండెత్తాడు. నేనేం పాపం చేశాను?"

"వేళ్ళేమన్నా బహుమతులా అన్నయ్యా, అందరికీ సమానంగా పంచడానికి?"

"నవ్వులాటగా ఉందా తల్లీ? నేనొక్కసారి దగ్గానంటే బస్సంతా కిటికీల్లోంచి దూకేస్తున్నారు. నాకా గీతదే కావాలి."

మూడోరోజు మళ్ళీ వచ్చాడు. దగ్గు తగ్గలేదు, గొంతు మాత్రం పెరిగింది. వరసలోవాళ్ళు కూడా ఆయనకి వంత పాడారు. డాక్టరుగారు తెరవెనక వేరే ఎవరినో చూస్తున్నారు. కవర్లమ్మకి చెవులు దిమ్మెక్కిపోయాయి. ఇక పడలేక కుడిపెట్టెలోంచి ఒకటి తీసి కిటికీ కిందనుంచి తోసేసింది. వారం తిరిగేసరికి బస్సు రోడ్డు మీద ఆగింది. డ్రైవరు దిగి వచ్చి, "నీ ఎర్రగీత గట్టిది తల్లీ, చేత్తో తీసేసినట్టు పోయింది," అని చెప్పి వెళ్ళాడు.

ఆ దగ్గు గీతలేని కవరుతోనైనా ఆ వారానికి పోయేదే. ఆ మాట అప్పుడు ఆమెకి తట్టలేదు.

పైగా ఆమె కళ్ళు ఊరుకోలేదు. ఒక వేలు కవరు పట్టుకెళ్ళినవాళ్ళు మూడోరోజుకల్లా మళ్ళీ కిటికీ దగ్గరుంటున్నారు. రెండు వేళ్ళవాళ్ళు మళ్ళీ కనపడటం లేదు. కనపడలేదంటే నయమైనట్టే కదా అనుకుంది. తగ్గక వేరేచోటికి పోయారా, మంచం పట్టారా, అసలు ఉన్నారా అని అడిగిచూసే తీరిక ఎవరికుంది? ఉన్నదల్లా ముందున్న వరస. ఆ వరసని తగ్గించే మందు కుడిపెట్టెలో ఉంది.

మొదట్లో గొడవపడ్డవాళ్ళకి మాత్రమే మార్చింది. తర్వాత గొడవపడేలా ఉన్నవాళ్ళకి. ఆ తర్వాత ముసలివాళ్ళు, పాపం అని. పసిపిల్లల తల్లులు, భయపడుతున్నారని. డాక్టరుగారు ఒక వేలెత్తినా ఇవతల ఏ కవరు జారిందో ఆయనకి తెరలోంచి కనపడదు. ఆయన కూడా రానురాను రెండు వేళ్ళే ఎక్కువ ఎత్తుతున్నారు. చివరికి ఎడంపెట్టెలో కవర్లు కట్టడమే మానేసింది. ఆ పెట్టె మీద దుమ్ము పేరుకుంది.

ఇంట్లో వదిన ఉంది. వదిన అంటే భర్తకి అక్క. ఆయన పోయి పద్నాలుగేళ్ళు. ఆయనకోసం ఒకే ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు, ఆయన పోయాక ఎవరికోసమో తెలియకుండానే అక్కడే ఉండిపోయారు. రోజుకొక్కసారైనా పోట్లాడుకోవాలి. ఏ రోజైనా పోట్లాట జరక్కపోతే ఒంట్లో బాలేదేమోనని ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవాళ్ళు.

వదినది కుట్టుపని. ఇదివరకు జాకెట్లు కుట్టేది, ఇప్పుడు మాస్కులు. రోజుకి రెండొందలు కుట్టేది. ముందుగది నిండా గుడ్డపీలికలు, గాలినిండా నూగు. ఆ నూగులో కూర్చుని ఆమె దగ్గేది. కవర్లమ్మకి మాత్రం ఆ దగ్గు విన్నప్పుడల్లా వేరే అనుమానం వచ్చేది. రోజంతా ఆ జబ్బు మనుషుల ఊపిరి పీల్చి వచ్చేది తనే కదా. తనే ఇంటికి మోసుకొచ్చిందేమో!

"ఇదిగో, ఇది వేసుకో వదినా."

వదిన కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని ఎర్రగీత కేసి చూసింది. "మీ డాక్టరు నాకెప్పుడు వేళ్ళెత్తాడే? నేను ఆ గుమ్మం తొక్కి రెండేళ్ళయింది."

"చెప్పాను. రెండు వేళ్ళెత్తారు."

"నన్ను చూడకుండానే? దివ్యదృష్టి కూడా వచ్చిందా ఆయనకి?"

"వాగకుండా మింగు."

"నోరు జాగ్రత్త. నీ మొగుడికంటే ఆరేళ్ళు పెద్దదాన్ని నేను."

అలా మూడు నెలల్లో నాలుగు కవర్లు. ప్రతిసారీ దగ్గు రెండు రోజుల్లో తగ్గేది. ఆ రెండు రోజులూ వదిన మిషను మూసి పడుకునేది గనక నూగు ఉండేది కాదు. అది కూడా కవర్లమ్మకి తట్టలేదు.

అయిదోసారి దగ్గు కాదు, చలిజ్వరం. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్ళు టకటకలాడాయి. నడుం పక్కన నొప్పి అని చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. ఆ జబ్బే అనుకుని ముక్కులో పుల్ల పెట్టించి పరీక్ష చేయిస్తే లేదన్నారు. హమ్మయ్య అనుకుని కవర్లమ్మ ఇంకో ఎర్రగీత కవరు తెచ్చి, ఈసారి తన చేత్తోనే మాత్ర నోట్లో వేసి నీళ్ళు తాగించింది. రెండు రోజులు అలాగే చూసింది. మూడోరోజు పొద్దున వదిన మంచం మీద కూర్చుని, లేని సూదిలోకి లేని దారం ఎక్కిస్తోంది. దారం కొసని పెదాలతో తడుపుతోంది, కన్ను చికిలిస్తోంది, మళ్ళీ ఎక్కిస్తోంది.

"వదినా, ఏం చేస్తున్నావ్?"

"తమ్ముడి చొక్కా గుండీ ఊడింది," అంది వదిన.

కవర్లమ్మ పక్కింటికి పరిగెత్తింది. పక్కింటివాళ్ళ సాయంతో ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ చూసిన డాక్టరమ్మ చిన్నపిల్ల. కళ్ళ కింద నల్లగా వలయాలు. మాటలో మాత్రం తొట్రుపాటు లేదు. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి ఎక్కింది, అక్కడినుంచి రక్తంలోకి దిగుతున్నట్టుంది అంది. ఏ క్రిమో, దానికి ఏ మందు పనిచేస్తుందో తేలాలంటే పరీక్షకి మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఆగలేం కాబట్టి మామూలుగా ఇచ్చే ఇంజెక్షన్ మొదలుపెడతామంది. కాగితం మీద కలం పెట్టి అడిగింది:

"ఈ మూడు నాలుగు నెలల్లో యాంటీబయాటిక్ మాత్రలేమైనా వాడారా?"

కవర్లమ్మ నోరు తెరిచింది. వాడింది అంటే ఎవరు రాశారంటారు. డాక్టరుగారు అనాలి. ఆయన్నడిగితే నేను చూడనే లేదంటారు. అప్పుడు కుడిపెట్టె కథంతా బయటికొస్తుంది. ఇరవై రెండేళ్ళ కిటికీ మూసుకుంటుంది. ఇదంతా ఒక్క గుటకలో అయిపోయింది.

"లేదమ్మా," అంది.

"సరిగ్గా గుర్తుచేసుకోండి. దగ్గుకో, జలుబుకో..."

"ఏమీ వాడలేదమ్మా. ఆమెకి మందులంటేనే గిట్టదు."

డాక్టరమ్మ రాసుకుంది. సీసా వేలాడదీశారు. చుక్కలు పడుతున్నాయి. కవర్లమ్మ ఆ చుక్కల కిందే స్టూలు మీద కూర్చుంది.

మర్నాటికి జ్వరం ఒక గీతైనా దిగలేదు. రక్తపోటు మాత్రం దిగింది. నర్సు వచ్చి చూసింది, మళ్ళీ వచ్చి చూసింది. ఆ రెండు రాకలకీ మధ్య నడక వేగం పెరగడం కవర్లమ్మ గమనించింది.

"పేషెంటు బట్టలు, కళ్ళజోడు, పాత మందుల చీటీలేమైనా ఉంటే తెచ్చుకోండి," అంది నర్సు. "ఇంకా కొన్ని రోజులుండాల్సి వస్తుంది."

ఇంటికొచ్చి బట్టలు సర్దింది. కళ్ళజోడు కనపడలేదు. మిషను మీద లేదు, కింద లేదు. డ్రాయరు లాగింది. సుద్దముక్కలు, కొలతల టేపు, వాటి వెనక రబ్బరు బ్యాండు వేసిన చిన్న కట్ట.

నాలుగు ఎర్రగీత కవర్లు.

విప్పి చూసింది. మొదటిదాంట్లో ఆరు మాత్రలున్నాయి. రెండోదాంట్లో ఆరు. మూడోదాంట్లోనూ, నాలుగోదాంట్లోనూ ఆరారు. వదిన ప్రతిసారీ నాలుగు మింగి ఆరు దాచింది. ప్రతి కవరు మీదా ఎర్రగీత కింద, గుడ్డమీద గుర్తు పెట్టే నీలం సుద్దతో, ఒకే మాట రాసింది: మరదలికి.

కవర్లమ్మ అక్కడే నేలమీద గుడ్డపీలికల్లో కూలబడింది. తను ఆమెకి జబ్బు తెచ్చానేమోనని భయపడి కవరు తెచ్చింది. రోజూ ఆ మనుషుల మధ్య కూర్చునే తనకి ఎప్పుడో ఒకప్పుడు తప్పదని ఆమె భయపడి సగానికి పైగా దాచింది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే మాత్రని పంచుకుని కూర్చున్నారు. ఇప్పుడు ఆ మాత్ర సంగతి ఒక్కటీ అక్కడ మంచం దగ్గర కాగితం మీద లేదు.

కళ్ళజోడు సంగతే మర్చిపోయింది. ఆ కట్ట పట్టుకుని ఆటో కోసం పరిగెత్తింది.

డాక్టరమ్మ వేరే మంచం దగ్గరుంది. కవర్లమ్మ ఆగలేదు. ఆ మంచం పక్కనున్న బల్లమీదే నాలుగు కవర్లూ పరిచింది.

"నిన్న అబద్ధం చెప్పానమ్మా. నాలుగుసార్లు వాడింది. ఇంట్లో రెండు రోజులు అయిదోసారి. డాక్టరుగారు ఇవ్వమనలేదు. నేనే ఇచ్చాను. నేను క్లినిక్‌లో మందులిస్తాను."

డాక్టరమ్మ ఒక మాత్ర వెలుతురుకి ఎత్తి వెనక ముద్ర చదివింది. ఆమె మొహంలో కోపం కనపడింది గానీ, దాన్ని ఖర్చుపెట్టే తీరిక లేనట్టు అక్కడే ఆపేసుకుంది.

"ఈ మాత్ర, మేం నిన్నట్నుంచి ఎక్కిస్తున్న ఇంజెక్షన్, రెండూ అక్కచెల్లెళ్ళ లాంటివి," అంది. "మాటిమాటికీ చెల్లెల్ని చూసిన క్రిములు అక్కకి కూడా భయపడవు. నిన్న అడిగాను కదండీ మిమ్మల్ని."

"అడిగారమ్మా."

"ఒక రోజు పోయింది."

అంతే అంది. వెనక్కి తిరిగి నర్సుకి వేరే మందు పేరు చెప్పింది. పాత సీసా తీసేశారు, కొత్తది వేలాడింది. కవర్లమ్మ మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. ఈసారి చుక్కలు లెక్కపెట్టే ధైర్యం లేక వదిన పాదాలకేసి చూస్తూ కూర్చుంది. మిషను తొక్కీ తొక్కీ కుడికాలి మడమ కాయకాసి ఉంది.

పరీక్ష కాగితం వచ్చింది. మందుల పేర్లు వరసగా, చాలావాటి ఎదురుగా లొంగదు అనే గుర్తు. చిట్టచివర రెండిటికి మాత్రం లొంగుతుందని. ఆ రెండిట్లో ఒకటి అప్పటికే సీసాలో ఉంది.

"నా వల్లేనా అమ్మా?" అనడిగింది.

డాక్టరమ్మ కాగితం మడిచింది. "మీ కవర్లు లేకపోయినా ఇలాంటి క్రిమి పట్టేదేమో, నేను ప్రమాణం చేసి చెప్పలేను. దారి మాత్రం మీరు ఊడ్చిపెట్టారు."

నాలుగోరోజు జ్వరం దిగింది. వదిన కళ్ళు తెరిచి, మరదలి మొహం చూసి, "తల దువ్వుకోలేదేమే దయ్యంలా?" అంది. కవర్లమ్మ నవ్వబోయి ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం క్లినిక్‌కి వెళ్ళింది. వరస అయ్యేదాకా గోడపక్కన నిలబడి, తెర పక్కకి తీసి, పది నెలల్లో మొదటిసారి డాక్టరుగారి బల్ల అవతలికి వెళ్ళింది. ఉన్నదున్నట్టు చెప్పింది. బస్సు డ్రైవరు దగ్గర్నుంచి వదిన దాకా.

ఆయన మొహానికున్న తొడుగు తీశారు. ముక్కు మీద దాని అంచు ఎర్రగా అచ్చుపడింది.

"ఎంతమందికి?"

ఆమె ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. లోపలికెళ్ళి ఎడంపక్క పెట్టె తెచ్చి బల్లమీద పెట్టింది. ఆయన మూత మీద వేలితో గీశారు. దుమ్ములో గీత పడింది.

వేలికంటిన దుమ్ము తుడుచుకున్నారు. తిడతారేమో, తిడితే బాగుండు అనుకుంది.

"నేనెత్తిన రెండు వేళ్ళు మాత్రం ఏం చూసి ఎత్తాను?" అన్నారు. "ఎవరి ఛాతీ మీదైనా స్టెతస్కోపు పెట్టి ఎన్నాళ్ళయింది? ఎందుకైనా మంచిదని ఒకటి, మళ్ళీ ఎందుకైనా మంచిదని ఇంకోటి... నీ తప్పు నీదే. అది నేను పంచుకోను. కానీ నాది నాకుంది."

"నన్ను మానెయ్యమంటారా?"

"రేపట్నుంచి కవర్లు కట్టొద్దు. నేను కాగితం మీద రాస్తాను. రాసింది చూసి, అప్పుడు కత్తిరించి, లెక్కపెట్టి ఇవ్వు. మానెయ్యాలా వద్దా అనేది తర్వాత చూస్తాను."

"వరస పెరుగుతుందండీ."

"పెరుగుతుంది," అన్నారాయన. ధీమాగా అనలేదు. భయంగానే అన్నారు.

పెరిగింది. వారానికల్లా వీధి మలుపు దాటింది. డాక్టరుగారు తెర పక్కకి జరిపి, స్టెతస్కోపు పెట్టి వింటున్నారు. ఒక్కొక్కరికీ పది నిమిషాలు. నిలబడలేక కొందరు వెళ్ళిపోతున్నారు. వెళ్ళిపోయినవాళ్ళలో మూడు వేళ్ళవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని కవర్లమ్మ మెడ సాచి చూసేది. అలా చూస్తే తెలిసేది కాదు.

బస్సు డ్రైవరు వచ్చాడు. మళ్ళీ జలుబు. కాగితం మీద జ్వరం మాత్రలు మాత్రమే ఉన్నాయి.

"తల్లీ, మనవాళ్ళమే కదా, ఆ ఎర్రగీతది ఒకటి పడెయ్."

"లేదన్నయ్యా. నీకది అక్కర్లేదు. అప్పుడు కూడా అక్కర్లేదు. నేను ఇచ్చి ఉండాల్సింది కాదు."

"తగ్గింది కదా!"

"దానంతటదే తగ్గింది."

డ్రైవరు ఆమెని, మతి పోయిందా అన్నట్టు చూశాడు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మందుల షాపులోకి వెళ్ళాడు. రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు. చేతిలో అట్ట మెరిసింది. కిటికీలోంచి చూస్తూనే ఉంది ఆమె. పరిగెత్తుకెళ్ళి లాక్కుంటే కుదరదు కదా. తర్వాతివాళ్ళ చీటీ అందుకుంది.

వదిన ఇంటికొచ్చి అయిదు రోజులైంది. మనిషి సగమైంది. వద్దన్నా వినకుండా మిషను ముందు కూర్చుంది. నాలుగు మాస్కులు కుట్టేసరికి దగ్గు మొదలైంది.

కవర్లమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో నూగు తేలుతోంది. ఇన్నాళ్ళూ ఆ నూగు అక్కడే ఉంది. తడిగుడ్డ తెచ్చి మిషను తుడిచింది, పీలికలన్నీ ఊడ్చి బయట పడేసింది, తలుపులు బార్లా తెరిచింది. వదిన ముక్కుకి గుడ్డ కట్టింది. అయినా దగ్గు వెంటనే ఆగలేదు. నూగుదేనా ఇది, ఇంకేదైనానా? వదిన వీపుకి చెవి ఆనించి విన్నది. గరగరమంటోంది. డాక్టరుగారికి తెలిసే తేడా ఆమెకి తెలియదు.

"రేపు నాతో క్లినిక్‌కి రా. ఆయన వింటారు."

"వరసలో నిలబడాలా?"

"నిలబడాలి."

"నువ్వక్కడే పనిచేస్తూ?"

"నేనూ నీతోపాటు నిలబడతాను."

వదిన డ్రాయరు లాగింది. సుద్దముక్కలు పక్కకి తోసి వెనకదాకా వెతికింది.

"నీకోసం దాచినవి ఏం చేశావే?"

"డాక్టరమ్మకి ఇచ్చేశాను."

"అన్నీనా?" వదిన గొంతులో నిజంగానే భయం పలికింది. "అన్నీ ఎందుకిచ్చావే తిక్కదానా? రేపు నీకే ఆ జబ్బొస్తే నేనేం పెట్టేది?"

 కవర్లమ్మ డ్రాయరు లోపలికి నెట్టి, వదిన వీపు మీద చెయ్యి వేసి, దగ్గు తగ్గేదాకా అలాగే నిలబడింది.